కర్జత్‌లో తగిలించే వెనక ఇంజన్: భోర్ ఘాట్‌లో ఆగిన ఒక బండి కేస్ స్టడీ

ముంబై నుంచి పుణే వైపు వెళ్తున్న 24 బోగీల ఎక్స్‌ప్రెస్ ఒకటి వానాకాలం సాయంత్రం సహ్యాద్రి ఎక్కే భోర్ ఘాట్‌లో ఆగిపోయింది. జాంబ్రుంగ్ స్టేషన్ దాటింది, ఠాకూర్‌వాడి ఇంకా రాలేదు. ముందు డబ్ల్యూఏపీ-7 ఇంజన్, వెనక కర్జత్‌లో తగిలించిన రెండు డబ్ల్యూఏజీ-7 బ్యాంకర్లు, అంటే ఎక్కుడులో వెనక నుంచి తోసే ఇంజన్లు. మూడు ఇంజన్లలోనూ నడవలేనంత లోపం ఏదీ లేదు. పైన తీగలో కరెంటు ఉంది, ఎదురుగా సిగ్నల్ పచ్చగానే ఉంది. అయినా బండి ఎక్కలేకపోయింది. కాసేపటికి మళ్లీ కదిలి లోనావాలా చేరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ విరగలేదు కాబట్టి బయటివాళ్ల దృష్టిలో అది కొంత ఆలస్యం మాత్రమే.

రన్నింగ్ స్టాఫ్‌కి ఘాట్ వర్కింగ్, అంటే కొండ దారిలో బండి నడిపే పద్ధతి, నేర్పే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ బండి స్పీడ్ రికార్డర్ డేటా, ఇద్దరు లోకో పైలట్ల మాటలు నా దగ్గరికి వచ్చాయి. పెద్ద ప్రమాదాల మీద అందరూ రాస్తారు. ఇలాంటి చిన్న స్టాల్ (ఎక్కలేక బండి ఆగిపోవడం) నేర్పేది ఎక్కువ అని నా నమ్మకం. ఎందుకంటే ఇందులో అందరూ తమ తమ పని సరిగ్గానే చేశారు, బండి మాత్రం ఆగింది.

ఆ చోటు సంగతి

ముంబై సీఎస్ఎంటీ నుంచి కర్జత్ 100 కిలోమీటర్లు, లోనావాలా 128. ఈ మధ్యలోని 28 కిలోమీటర్లలోనే బండి సహ్యాద్రి ఎక్కాలి. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే మనవాళ్లు చాలామంది ఈ దారిలో ప్రయాణించి ఉంటారు. తెల్లవారుజామున బండి మెల్లగా, ఆగి ఆగి కొండ దిగుతుంటే కిటికీలోంచి లోయల్ని చూసి ఉంటారు. తిరుగు ప్రయాణంలో కర్జత్‌లో బండి ఆగగానే వడాపావ్ కోసం ప్లాట్‌ఫారం మీదికి దిగి ఉంటారు. ఆ హాల్ట్ ఇచ్చింది వడాపావ్ కోసం కాదు, వెనక ఇంజన్ కోసం. ఇంజన్ తగిలించడానికి ప్రతి బండీ ఆగాల్సి రావడం వల్లే ఆ ఊరి వడాకి అంత పేరొచ్చింది.

ఈ ఘాట్‌లో గరిష్ఠ ఎక్కుడు 37కి 1. అంటే 37 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. రోడ్డు మీద లారీకి ఇది లెక్కలోది కాదు. నున్నటి ఉక్కు పట్టా మీద నున్నటి ఉక్కు చక్రానికి మాత్రం ఇది గోడ లాంటిదే. మైదానంలో 200కి 1 వస్తేనే గూడ్సు డ్రైవర్ ముందు నుంచే స్పీడు కూడగట్టుకుంటాడు.

గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి ఠాణేకి మొదటి బండి నడిపినప్పుడే అసలు సమస్య కళ్లెదుట ఉంది. సహ్యాద్రి దాటకపోతే ఆ రైలు కొంకణ్ తీరానికే పరిమితం. చీఫ్ ఇంజనీర్ జేమ్స్ జాన్ బర్క్‌లీ రెండు దారులు పట్టాడు. ఈశాన్యంగా కసారా మీదుగా థాల్ ఘాట్, ఆగ్నేయంగా కర్జత్ మీదుగా భోర్ ఘాట్. భోర్ ఘాట్ పని 1856లో మొదలైంది. 15 మైళ్లకు పైగా పొడవు, 1,831 అడుగుల ఎత్తు, 25 సొరంగాలు. కాంట్రాక్టర్ ఫేవియెల్ 1859లో పని వదులుకున్నాడు. తర్వాత వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ ఇండియాలో దిగిన కొద్ది వారాలకే జబ్బుచేసి చనిపోయాడు. ఆయన భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ కాంట్రాక్టు వదలకుండా, నమ్మకమైన ఇంజనీర్లను పెట్టుకుని పని పూర్తి చేయించింది. 1861లో ఒక దశలో 42,000 మందికి పైగా కూలీలు ఆ కొండ మీద ఉన్నారు. కలరాకీ, జ్వరాలకీ, మందుగుండు పేలుళ్లకీ వేల మంది పోయారు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆ సొరంగాల గుండా రోజూ బండి నడిపేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలని నేను ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. 1863లో లైను తెరిచారు. అంతకు ముందు ఏడాదే బర్క్‌లీ కన్నుమూశాడు.

అప్పటి లైనులో ఒక వింత ఉండేది. కొండ వాలు మీద మలుపు తిప్పడానికి చోటు చాలక, మధ్యలో రివర్సింగ్ స్టేషన్ పెట్టారు. బండి ఒక దిక్కుగా అక్కడిదాకా ఎక్కి ఆగుతుంది. ఇంజన్ రెండో కొసకి మారుతుంది. అప్పటిదాకా వెనక ఉన్న పెట్టె ముందుకొచ్చి బండి ఎదురు దిక్కుగా పైకి పోతుంది. పట్టా అక్కడితో అయిపోతుంది, ఆ తర్వాత లోయే. 1869 జనవరిలో దిగుతున్న బండి ఒకటి అదుపు తప్పి అక్కడ ఆగలేక అంచు దాటి పడిపోయింది. అంతకు ముందు 1867 జూలైలో మహూకీ మల్లీ దగ్గరి రాతి వంతెన కూలిపోయింది. ఈ ఘాట్‌లో ఎక్కడం కంటే దిగడం ప్రమాదమని రైల్వే మొదటి పదేళ్లలోనే నేర్చుకుంది.

ఈ కొండ మీద తెలుగువాడి గుర్తు కూడా ఒకటి ఉండేది. పాత రోడ్డు మీద 1830లో కట్టిన వంతెనని జనం అమృతాంజన్ బ్రిడ్జి అనేవారు. దాని పక్కన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి అమృతాంజనం ప్రకటన బోర్డు ఉండేది మరి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ సమయంలో, ఆ వంతెనని పడగొట్టారు.

రివర్సింగ్ స్టేషన్ 1929 దాకా ఉంది. కరెంటు లైను వేస్తూ కొత్త అలైన్‌మెంట్ తీశాక దాని అవసరం తీరిపోయింది. 1,500 వోల్టుల డీసీ తీగల కింద పనిచేయడానికి వచ్చిన ఇంజన్లే ఈఎఫ్-1లు, తర్వాతి పేరు డబ్ల్యూసీజీ-1. స్విస్ డిజైన్. మధ్యలో ఎత్తైన బాడీ, ముందూ వెనకా పొడుగాటి ముక్కులు, చక్రాలని కలిపే కడ్డీలు. మొసలి అని ప్రపంచమంతా పిలిచే రకం. మన దగ్గర స్టాఫ్ మాత్రం ఖేకడా అన్నారు, మరాఠీలో పీత. కొండ దిగేటప్పుడు మోటార్లనే బ్రేకుగా వాడి కరెంటుని తిరిగి తీగలోకి పంపే ఏర్పాటు వాటికి ఉండేది. దాదాపు నూరేళ్ల కిందటి ఇంజన్‌లో రీజనరేటివ్ బ్రేకింగ్! వాటిలో ఒకటి, సర్ లెస్లీ విల్సన్ పేరు పెట్టింది, ఢిల్లీ రైల్ మ్యూజియంలో ఉంది. చూడకపోతే తప్పకుండా చూడండి. తర్వాత 1970లలో చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూసీజీ-2లు వచ్చాయి. మూడేసి కలిపి బండి వెనక తగిలించేవారు. లైను 25 కేవీ ఏసీకి మారాక ఆ పనికి డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7లు వచ్చాయి.

ముందు ఇంకా పెద్ద ఇంజన్ పెట్టొచ్చు కదా?

క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇది అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు లెక్కలోనే ఉంది కాబట్టి లెక్కే చేద్దాం.

జనంతో, సామానుతో కలిపి 24 బోగీల బరువు 1,300 టన్నులు అనుకుందాం. 37కి 1 ఎక్కుడులో ఆ బరువు వెనక్కి లాగే బలం 1,300లో 37వ వంతు, అంటే 35 టన్నులు. చక్రాల రాపిడికీ మలుపులకీ కలిపి టన్నుకి 4 కిలోల చొప్పున వేస్తే ఇంకో 5 టన్నులు. మొత్తం 40 టన్నులు. ఇంజన్ తన సొంత బరువు 123 టన్నుల్ని కూడా మోసుకుపోవాలి, అది ఇంకో 4. అంటే పట్టా మీద 44 టన్నుల లాగుడు కావాలి. డబ్ల్యూఏపీ-7 కదిలేటప్పుడు ఇవ్వగలిగేది 33 టన్నులు. చాలదు.

డబ్ల్యూఏజీ-9 కాగితం మీద 46 టన్నులకు పైనే ఇస్తుంది. మరి అది పెడితే? ఆ 46 టన్నులు రావాలంటే 123 టన్నుల బరువులో 38 శాతం దాకా పట్టు దొరకాలి. శుభ్రమైన పొడి పట్టా మీద, ఇసుక వేసుకుంటే దొరుకుతుంది. జూలైలో, సొరంగం కప్పు నుంచి నీళ్లు కారుతూ, పట్టా మీద ఆకుల జిగట ఉన్నప్పుడు 20 శాతం దొరికినా అదృష్టమే. అప్పుడు అదే ఇంజన్ ఇచ్చేది 25 టన్నులు. ఇంజన్ హార్స్‌పవర్ ఎంతన్నది అక్కడ ప్రశ్నే కాదు. చక్రం జారితే 6,000 హార్స్‌పవర్ కూడా పట్టాని అరగదీయడానికే పనికొస్తుంది.

సరే, ముందే రెండు ఇంజన్లు పెట్టి లాగిస్తే? పట్టు సరిపోతుంది. కానీ ఆ 40 టన్నుల లాగుడు మొత్తం మొదటి బోగీ కప్లర్ మీద, అంటే దాన్ని ఇంజన్‌కి కలిపే కొక్కెం మీద పడుతుంది. కుదుపులు వచ్చినప్పుడు అంతకు ఎన్నో రెట్లు. ఘాట్ మధ్యలో కప్లర్ తెగితే వెనక తెగిన భాగానికి ఇంజనే ఉండదు. బ్రేకులు పట్టుకుంటాయి, నిజమే. ఆ బ్రేకుల మీదే మొత్తం ప్రాణాల్ని వదిలేయకూడదన్నదే ఘాట్ వర్కింగ్‌లో మొదటి పాఠం. గూడ్సు అయితే లెక్క మరీ భయపెడుతుంది. 4,700 టన్నుల గూడ్సుని 37కి 1లో లాగాలంటే ఎక్కుడుకే 127 టన్నులు. ఒక్క కప్లర్‌ని రోజూ అడగాల్సిన లాగుడు కాదది.

అందుకే బ్యాంకర్. ఎడ్లబండి గట్టెక్కేటప్పుడు వెనక నుంచి భుజం పట్టే మనిషి చేసేది ఏమిటో బ్యాంకర్ చేసేదీ అదే: తోస్తాడు, కాడి మీది బరువు తగ్గిస్తాడు, బండి వెనక్కి రాకుండా అడ్డంగా ఉంటాడు. ఈ మూడింటిలో తోయడం ఒక్కటే చాలామంది గుర్తుపెట్టుకుంటారు.

ఇక్కడొక విషయం నిదానంగా చూడాలి. ఈ కేసు మొత్తం దీని మీదే నడుస్తుంది. ముందు ఇంజన్ లాగుతోంది, వెనకవి తోస్తున్నాయి. బండిలో ఎక్కడో ఒక చోట లాగుడు ఆగి తోపుడు మొదలవుతుంది. దానికి ముందున్న కప్లర్లన్నీ సాగి ఉంటాయి, వెనకున్నవన్నీ నొక్కుకుపోయి ఉంటాయి. ముందు ఇంజన్ తన బరువు పోను 20 టన్నులు లాగుతుంటే సగం బండి, అంటే 12 బోగీలు దాని వంతు. మిగతా 12 బ్యాంకర్ల వంతు. ముందు చక్రాలు జారి దాని లాగుడు సగానికి పడిపోతే? ఇంజన్ సొంత బరువు తగ్గదు కాబట్టి బోగీలకు మిగిలేది 8 టన్నులే. 5 బోగీలకు సరిపోతుంది. ఆ మారే చోటు 12వ బోగీ నుంచి ఒక్కసారిగా 5వ బోగీ దగ్గరికి ఉరుకుతుంది. ఇప్పుడు బ్యాంకర్లు 19 బోగీల్ని తోయాలి. వెనక బోగీ మీద తోపుడు 20 టన్నుల నుంచి 32కి పెరుగుతుంది. రెండు డబ్ల్యూఏజీ-7ల బరువు 246 టన్నులు. తమని తాము మోసుకోవడంతో కలిపి 40 టన్నులు కావాలి, అంటే 16 శాతం పట్టు. వానలోనూ, ఇసుకతో, ఇది దొరికేదే.

అంటే ఆ సాయంత్రం బండి ఆగడానికి బలం లేకపోవడం కారణం కాదు. వెనక బలం ఇంకా మిగిలే ఉంది.

ఏం జరిగింది

కర్జత్‌లో బ్యాంకర్లు తగిలించడం మామూలుగానే జరిగింది. బ్యాంకర్ మెల్లగా వచ్చి ఆగడం, పాయింట్స్‌మన్ చెయ్యి ఊపడం, సెంటర్ బఫర్ కప్లర్ నకిల్ మూతపడటం, లాక్ పడిందో లేదో చూడటం, బండి పొడుగునా గాలి ఉండే, ప్రెషర్ తగ్గితే బ్రేకులు పట్టించే బ్రేక్ పైపు హోస్ కలిపి, యాంగిల్ కాక్ అనే గాలి వాల్వు తెరవడం. ముందు లోకో పైలట్ బ్రేక్ పైపులో ప్రెషర్ కొద్దిగా తగ్గిస్తే వెనక బ్యాంకర్ గేజ్‌లో ముల్లు దిగాలి, తిరిగి 5 కిలోలకు రావాలి. దిగింది, వచ్చింది. ముందు నుంచి చిన్న విజిల్ ఒకటి, వెనక నుంచి జవాబుగా చిన్న విజిల్ ఒకటి. బండి కదిలింది.

రికార్డర్ ప్రకారం జాంబ్రుంగ్ దాకా స్పీడు 40 దగ్గర నిలకడగా ఉంది. తర్వాతి మలుపులో వాన పెద్దదైంది. ముందు ఇంజన్ చక్రాలు జారడం మొదలెట్టాయి. డబ్ల్యూఏపీ-7లో ఆ పని కంప్యూటర్ చూసుకుంటుంది. జారుడు కనబడగానే లాగుడు తగ్గిస్తుంది, పట్టు దొరకగానే పెంచుతుంది, మళ్లీ జారితే మళ్లీ తగ్గిస్తుంది. గ్రాఫ్‌లో ఇది రంపం పళ్లలా కనిపిస్తుంది. లోకో పైలట్ ఇసుక వేశాడు. తర్వాత ఇంజన్ పరీక్షలో తేలిందేమిటంటే, ఒక పక్క ఇసుక పెట్టెలో ఇసుక తేమకి ముద్దకట్టి గొట్టం నోటి దగ్గర గట్టిపడిపోయింది. వేలితో పొడిస్తే బెల్లం ముద్దలా ఊడి వచ్చింది. పెడల్ నొక్కితే గాలి పోతోంది, ఇసుక రావట్లేదు. లోపలున్నవాళ్లకి అది తెలిసే దారి లేదు.

స్పీడు 40 నుంచి 30కి, 30 నుంచి 20కి పడింది. ముందు లోకో పైలట్ వాకీటాకీలో బ్యాంకర్‌ని పిలిచాడు. ఆ క్షణానికి బండి మధ్య భాగం సొరంగంలో ఉంది, బ్యాంకర్లు సొరంగానికి అవతల మలుపులో ఉన్నాయి. మాట ముక్కలు ముక్కలుగా వెళ్లింది. విజిల్ వేశాడు. వానలో, సొరంగం హోరులో వెనకవాళ్లకి వినపడలేదు.

వెనక బ్యాంకర్‌లో ఉన్నది అనుభవం ఉన్న మనిషే. స్పీడు పడటం ఆయన చూశాడు. మరి నాచ్‌లు, అంటే పవర్ పెంచే మెట్లు, ఎందుకు పెంచలేదు? నేను ఇదే అడిగాను. ఆయన తెలుగువాడే.

"సార్, ముందు ఆయన సిగ్నల్ చూసి పవర్ తీస్తున్నాడేమో అనుకున్నాను. ఆయన ఆపుతుంటే నేను వెనక నుంచి గట్టిగా తోస్తే మధ్యలో బోగీ పైకి లేస్తుంది కదా. ఒక మాట వినపడితే చాలు, తోసేసేవాణ్ణి" అన్నాడు.

ఆయన చెప్పింది అక్షరాలా సరైనది. ముందు ఇంజన్ పవర్ తీసేశాక బ్యాంకర్ తోస్తూనే ఉంటే, ముఖ్యంగా ఎదురు మలుపుల్లో, తేలిక బోగీ పట్టా దిగిపోయే ప్రమాదం ఉంది. మేమే అది నేర్పుతాం. అనుమానం ఉన్నప్పుడు పెంచకు అని. స్పీడు తగ్గడం ఒక్కటే ఆయనకు కనపడుతోంది. దానికి కారణం జారుడా, సిగ్నలా అన్నది కనపడదు. ఆ అనుమానంలోనే బండి ఆగింది.

ఆగాక ఇద్దరూ చేసిన పని మాత్రం పాఠంగా చెప్పదగ్గది. మొదటి ప్రయత్నంలోనే బండి లేచింది, ఒక్క అడుగు కూడా వెనక్కి జారలేదు. ఎక్కుడులో ఆగిన పొడుగు బండిని లేపేటప్పుడు తొందరపడితే ఏమవుతుందో చూడండి. ముందు లోకో పైలట్ బ్రేక్ వదలగానే ప్రెషర్ ముందు బోగీల్లో మొదట పెరుగుతుంది. 24వ బోగీ దాకా చేరడానికి టైం పడుతుంది. ముందు బోగీలు వదిలేసి ఉంటాయి, వెనకవి ఇంకా పట్టుకునే ఉంటాయి. అప్పుడే ముందు ఇంజన్ లాగితే మధ్య కప్లర్ల మీద దెబ్బ పడుతుంది. అలాగని లాగకపోతే వదిలేసిన బోగీలు వెనక్కి కూర్చుంటాయి.

వాళ్లు చేసింది ఇది. బండి బ్రేకులు ఇంకా పట్టి ఉండగానే బ్యాంకర్ తన ఇంజన్ బ్రేకు మాత్రం వదిలి, తక్కువ నాచ్‌లలో వెనక నుంచి ఆనించాడు. వెనక కప్లర్లలో ఉన్న ఖాళీ అంతా నొక్కుకుపోయింది. అప్పుడు చిన్న విజిల్. ముందు ఆయన బ్రేక్ వదిలాడు. ప్రెషర్ వెనకదాకా చేరి తన గేజ్ 5 చూపించాక బ్యాంకర్ నాచ్‌లు పెంచాడు, ఆ తర్వాతే ముందు ఆయన లాగుడు ఎక్కించాడు. ఈసారి బరువు ఎక్కువ భాగం వెనకవాళ్లు తీసుకున్నారు. అమ్మీటర్ ముల్లు ఎంత దాకా పోనివ్వాలో, ఎంత సేపు పోనివ్వాలో ఆయనకు చేతిలో లెక్క. గ్రాఫ్‌లో ఆ కదలిక చూస్తే గీత గీసినట్టు ఉంటుంది. ఆ కాగితం నేను క్లాసులో చూపిస్తాను.

మార్చింది ఏమిటి

రెండే మార్పులు సూచించాను. ఒకటి ఇసుక. వానాకాలంలో కర్జత్ హాల్ట్‌లోనే, బ్యాంకర్ తగిలించే లోపు, అసిస్టెంట్ దిగి ముందు ఇంజన్ రెండు పక్కలా గొట్టాల నుంచి ఇసుక నిజంగా పడుతోందో లేదో కంటితో చూడాలి. షెడ్‌లో చూశారు కదా అని వదలకూడదు. షెడ్‌కీ కర్జత్‌కీ మధ్య ఎంత వాన తగిలిందో షెడ్‌కి తెలియదు.

రెండోది నా దృష్టిలో ముఖ్యమైనది. బయల్దేరే ముందే ఇద్దరు లోకో పైలట్లూ వాకీటాకీలో ఒక అంకె అనుకోవాలి. ఈ బండికి, ఈ లోడ్‌కి, ఈ వానకి ఫలానా స్పీడు. బ్రేక్ పైపు ప్రెషర్ తగ్గకుండా, స్పీడు మాత్రం ఆ అంకె కిందికి వస్తే, ముందు ఇంజన్ జారుతోందని బ్యాంకర్ అర్థం చేసుకుని పిలుపు కోసం ఆగకుండా ఒక్కో నాచ్ పెంచుకుంటూ పోవాలి. ముందు ఆయన వైపు కూడా ఒక షరతు ఉంది. తను కావాలని తగ్గిస్తుంటే, పవర్ తీయడంతో పాటు బ్రేక్ పైపులో కొద్దిగా ప్రెషర్ దించాలి. వాకీటాకీ సొరంగంలో తెగిపోవచ్చు, విజిల్ వానలో కలిసిపోవచ్చు. ఆ గొట్టంలోని గాలి మాత్రం 24 బోగీల గుండా వెనకదాకా వస్తుంది. బండి పొడుగునా కబురు మోసే దారి మనకు అప్పటికే ఉంది, దాన్ని వాడుకోవడమే. ఇది బ్యాంకర్లు కలిపి ఉన్న బండికే కుదురుతుంది.

అన్నిచోట్లా కలపరు మరి. ఇంగ్లండ్‌లో బ్రామ్స్‌గ్రోవ్ స్టేషన్ దగ్గర లికీ ఇంక్లైన్ ఉంది. అది 1840 నాటిది, ఎక్కుడు 37.7కి 1, మన ఘాట్‌కి దాదాపు సమానం. పొడవు మాత్రం రెండు మైళ్ల పైచిలుకే. అక్కడ బ్యాంకర్ వెనక నుంచి వచ్చి ఆనుకుంటుంది, కప్లర్ తగిలించరు. పైన బ్లాక్‌వెల్ రాగానే బండి తన దారిన పోతుంది, బ్యాంకర్ వెనకబడిపోతుంది. ఆ ఒక్క పని కోసమే 1919లో డర్బీలో పది డ్రైవింగ్ చక్రాల ఆవిరి ఇంజన్ ఒకటి కట్టారు. బిగ్ బెర్తా అనేవారు. 1956 దాకా అక్కడే తోసింది. రెండు మైళ్ల కొండకి ఆ పద్ధతి చక్కగా సరిపోతుంది, ఆగకుండా పని జరిగిపోతుంది. పదిహేను మైళ్లు, సొరంగాలు, వరస మలుపులు ఉన్న చోట వెనక ఇంజన్ కాస్త విడిపోయి మళ్లీ ఆనుకుంటే ఆ గుద్దుడు ఎవరు భరిస్తారు? కర్జత్‌లో హాల్ట్ టైం తగ్గించడానికి కలపడం మానేయొచ్చుగా అనేవాళ్లకి నా జవాబు ఇదే.

దిగడం గురించి కొంచెం చెప్పాలి, బ్యాంకర్ కథ అది లేకుండా సగమే. 1,300 టన్నుల బండి 558 మీటర్లు దిగితే వదిలే శక్తి దాదాపు 2,000 యూనిట్ల కరెంటు. మొత్తం బ్రేక్ బ్లాకుల్లో వేడిగా పోతే బ్లాకులు పట్టు కోల్పోతాయి. అందుకే మోటార్లతో బ్రేక్ వేస్తారు, కొత్త ఇంజన్లు ఆ కరెంటుని తీగలోకి తిరిగి పంపుతాయి. అందుకే దిగే దారిలో క్యాచ్ సైడింగ్‌లు కూడా ఉన్నాయి. అక్కడ పాయింట్లు (బండి దారి మార్చే పట్టాలు) మామూలుగా మెయిన్ లైనుకి కాక, కొండ మీదికి ఎక్కే సైడింగ్‌కే పెట్టి ఉంటాయి. బండి వచ్చి పూర్తిగా ఆగి, అదుపులో ఉందని తేలాకే మెయిన్ లైను ఇస్తారు. ఆగలేని బండి సైడింగ్‌లోకి పోయి ఎదురు ఎక్కుడులో ఆగుతుంది. అర్ధరాత్రి దిగే బండి ఊరూ పేరూ లేని చోట ఎందుకు ఆగుతోందని విసుక్కునే ప్రయాణికులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

ఇక ముందు

కర్జత్ హాల్ట్ ఎప్పటికీ ఉంటుందని నేను అనుకోను. 2019లో సీఎస్ఎంటీ - హజ్రత్ నిజాముద్దీన్ రాజధానికి ముందొకటి, వెనకొకటి ఇంజన్ పెట్టి పుష్-పుల్ పద్ధతిలో నడపడం మొదలుపెట్టారు. కసారాలో బ్యాంకర్ కోసం ఆగే పని తప్పింది. వెనక ఇంజన్‌ని ముందు లోకో పైలటే నడుపుతాడు కాబట్టి, ఈ కేసులో వచ్చిన కబురు సమస్య అక్కడ పుట్టదు. 2023 ఫిబ్రవరి 10న మొదలైన ముంబై - సోలాపూర్ వందే భారత్ భోర్ ఘాట్‌ని బ్యాంకర్ లేకుండానే ఎక్కుతోంది. దాని పెట్టెల్లో సగానికి మోటార్లు ఉన్నాయి. మామూలు బండిలో 1,400 టన్నులకు పైబడ్డ బరువులో ముందు ఇంజన్ 123 టన్నులే పట్టుకి పనికొస్తే, దీనిలో సగం బండి బరువు పనికొస్తుంది. లాగుడు పెట్టె పెట్టెకీ పంచుకుపోతుంది కాబట్టి ఏ కప్లర్ మీదా పెద్ద భారం ఉండదు. ఈ ఘాట్ మొదటినుంచీ అడుగుతున్నదానికి ఇదే సరైన జవాబని నా అభిప్రాయం.

గూడ్సు బళ్లకీ, మామూలు ఎక్స్‌ప్రెస్‌లకీ అది ఇప్పట్లో రాదు. అంతవరకు కర్జత్‌లో ఇద్దరు మనుషులు, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా, అర కిలోమీటరు దూరం నుంచి ఒకే బండిని నడపాలి. నేను ఇప్పుడు ఘాట్ క్లాసులో మొదటి గంట ఇంజన్ గురించి మాట్లాడను. పిల్లల్ని ఇద్దరిద్దరుగా వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరికి స్పీడు, ఒకరికి ప్రెషర్ మాత్రమే చూపించి, అవతలివాడు ఏం చేస్తున్నాడో చెప్పమంటాను.